ఇల్లు అడగవచ్చినవారిని మనము ఏమి అడుగుతున్నాము?



ఈ నెల మనము ఆలోచించబోయే సంగతి చాలా చిన్నదిగా కనబడుతుంది. గేటుకు వేలాడే ఒక అట్టముక్క. దానిమీద ‘టు-లెట్’ అని రాసి ఉంటుంది. పల్లెలో ఉన్నంతకాలం మనకు ఆ అట్టముక్కతో పని పడదు. కాని చదువుకో, ఉద్యోగానికో, వైద్యానికో బిడ్డను పట్నం పంపిన రోజున ప్రతి పల్లె కుటుంబమూ ఆ అట్టముక్క ముందు నిలబడవలసిందే. మరోవైపు, ఒకప్పుడు అలా నిలబడి, కష్టపడి, దేవుని దయవలన పట్నంలో సొంత ఇల్లు కట్టుకుని, పైన ఒక పోర్షను వేసిన విశ్వాసులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. ఇప్పుడు ఆ అట్టముక్కను వారే తమ గేటుకు కడుతున్నారు. అందుచేత ఈ మాటలు ఇద్దరి కోసమూ రాస్తున్నాము.

కొంతకాలం క్రితం నల్గొండ జిల్లాలోని ఒక గ్రామ సంఘపు పెద్ద తన కుమార్తెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి డిగ్రీ మంచి మార్కులతో ప్యాసయింది. గ్రూప్స్ పరీక్షలకు అశోక్‌నగర్‌లో కోచింగు తీసుకోవాలని దాని కోరిక. హాస్టలు తిండి దాని ఒంటికి పడదు. తల్లి కూడా వచ్చి దగ్గర ఉంటుంది. ఒక గది, ఒక వంటిల్లు ఉంటే చాలు. “అయ్యగారూ, మీరు ఒక్కమాట చెప్తే ఇల్లు దొరుకుతది” అన్నారు ఆ పెద్ద. అలాగేనని మేము కూడా బయలుదేరాము.

విద్యానగర్, నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతముల సంగతి చాలామందికి తెలిసినదే. ఒకవైపు ఉస్మానియా యూనివర్సిటీ, మరోవైపు కోచింగు సెంటర్లు, మధ్యలో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. తెలుగు నేలమీద ఏ మూలనుండి చదువుకోసం వచ్చిన బిడ్డ అయినా ఈ వీధులలో ఇల్లు వెతుక్కున్నవాడే. అద్దె ఇళ్ళకు కొదవ లేదు. రెండు రోజులలో మేము పదకొండు ఇళ్ళు ఎక్కి దిగాము.

మొదటి రోజు విద్యానగర్‌లో ఒక ఇంటి ముందు నిలబడ్డాము. యజమానురాలు గ్రిల్లు తలుపు తీయకుండానే మాట్లాడారు. ఎంతమంది ఉంటారు? ఇద్దరు. అద్దె ఎవరు కడతారు? తండ్రి. మంచిదే. వెజ్జా, నాన్‌వెజ్జా? అమ్మాయి తండ్రి ఉన్నమాట చెప్పారు. ఆమె కాసేపు ఆగి, “మీరేమిట్లండీ?” అన్నారు. “క్రైస్తవులమమ్మా” అన్నారు ఈయన. “అది సరేనండీ. అంతకు ముందు?”

అంతకు ముందు! ఆ పెద్ద తాతగారి కాలమునుండి క్రైస్తవులు. ఆయన ఎరిగినంతలో వారి ఇంట ‘అంతకు ముందు’ అనేది లేదు. కాని ఆమె అడిగినదేమిటో ఆయనకు తెలుసు. తల వంచుకున్నారు. “మా అబ్బాయిని అడిగి చెబుతాము” అని ఆమె లోపలికి వెళ్ళిపోయారు. సాయంత్రం అదే వీధిన తిరిగి వస్తుంటే ఆ బోర్డు అలాగే వేలాడుతూ ఉంది.

ఇలాంటిది ఎదురవుతుందని మేము అనుకున్నదే. మేము అనుకోనిది రెండవ రోజు జరిగింది. ఒక ఇంటి గుమ్మంపైన ప్రభువు నామము చెక్కిన పలక కనబడింది. మా ప్రాణం లేచి వచ్చింది. యజమాని తలుపు తీసి “వందనాలు అయ్యగారూ” అంటూ కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చారు. అద్దె కుదిరింది. అమ్మాయి చదువు విని సంతోషించారు. మాటల మధ్యలో “మీది ఏ ఊరు?” అన్నారు. ఊరు చెప్పారు. “ఊళ్ళోనా, పేటలోనా?” అన్నారు.

ప్రియులారా, ఆ ప్రశ్నకు అర్థము మీకు చెప్పనక్కరలేదు. జవాబు విన్న తరువాత ఆయన ముఖము మారలేదు. గొంతు కూడా మారలేదు. “మాకేమీ పట్టింపు లేదు అయ్యగారూ. మనమంతా ఒకటే కదా. కాని చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారో... మా ఇంటావిడను కూడా ఒకమాట అడగాలి” అన్నారు. మేము లేచి వచ్చేశాము. దారిలో ఆ తండ్రి అన్నమాట మా చెవులలో ఇంకా ఉంది. “నిన్నటి ఇంట్ల బాధ కాలేదు అయ్యగారూ. వాళ్ళకు తెల్వదు. ఈ ఇంట్ల నా బిడ్డ మొకం చూడలేకపోయిన.”

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడో చదివిన ఒక సంగతి జ్ఞాపకమునకు వచ్చింది. డాక్టర్ అంబేద్కర్ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయములో, లండనులో చదువుకుని వచ్చి 1917లో బరోడా సంస్థానములో ఉద్యోగమునకు చేరారు. అంత చదువు చదివినవారికి ఆ పట్టణములో తల దాచుకొనుటకు గది దొరకలేదు. చివరకు పార్శీల సత్రములో, పార్శీ పేరుతో, చీకటి మేడగదిలో ఉండవలసివచ్చింది. పదకొండవ రోజున పార్శీలు కొందరు కర్రలు పట్టుకుని వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. అప్పుడాయన ఇద్దరు మిత్రులను ఆశ్రయించారు. ఒకరు హిందువు. తన ఇంటికి వస్తే నౌకర్లు వెళ్ళిపోతారని ఆయన అన్నారు. రెండవవారు క్రైస్తవుడు. తన భార్య మరునాడు వస్తుంది, ఆమెను అడిగి చెప్పాలి అన్నారు. ఆ దంపతులు అగ్రకులమునుండి క్రీస్తులోనికి వచ్చినవారని, ఆ జవాబుకు అర్థమేమిటో తనకు తెలిసిందని అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అను రచనలో రాసుకున్నారు. ఆయన ఒక తోటలో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయారు.

నూరేళ్ళు దాటిపోయాయి. జవాబు మాత్రము మారలేదు. “ఇంటావిడను అడిగి చెబుతాను.” దేశమునకు రాజ్యాంగము రాసి ఇవ్వబోయే మనిషి ఒక సాయంత్రము క్రైస్తవుని ఇంటి తలుపు తట్టాడు. ఆ తలుపు తెరుచుకోలేదు. ఈ సంగతి తలచుకున్నప్పుడెల్లా మనము సిగ్గుపడవలెను.

ఇంతకూ చట్టము ఏమి చెబుతోంది అని కొందరు అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పుకుందాము. రాజ్యాంగములోని 15వ అధికరణము కులము, మతము, జాతి, లింగము, పుట్టిన స్థలము చూసి ప్రభుత్వము తేడా చూపరాదని అంటుంది. దుకాణములు, హోటళ్ళు మొదలైన చోట్లకు ఈ కారణములతో ఎవరినీ రానీయకుండా చేయరాదని కూడా అంటుంది. కాని సొంత ఇంటిని అద్దెకు ఇచ్చే యజమాని పేరు అక్కడ లేదు. 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసింది. దానిని అనుసరించి 1955లో వచ్చిన పౌరహక్కుల రక్షణ చట్టము ప్రకారము, అంటరానితనము పేరుతో ఒకరిని ఏ ప్రాంతములోనైనా ఇంట్లో నివసించనీయకుండా చేయుట నేరము. కాని “మా అబ్బాయిని అడిగి చెబుతాము” అన్న మాటను ఏ కోర్టులో రుజువు చేయగలము?

మన రాష్ట్రములో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టము అద్దెకు రసీదు ఇవ్వాలని చెప్పింది, నీళ్ళు, కరెంటు వంటి సౌకర్యములు ఆపరాదని చెప్పింది. ఇల్లు అడిగినవారి కులము చూడరాదని చెప్పలేదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టము కూడా అంతే. నివాసపు ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదు, ఒప్పందము రాతలో ఉండాలి, యజమాని లోపలికి రావాలంటే ఒకరోజు ముందు తెలియజేయాలి అని మంచి మాటలే ఉన్నాయి. కాని అది రాష్ట్రములు తీసుకుంటే తీసుకోదగిన నమూనా మాత్రమే. పైగా ఎవరిని ఏ కారణముచేత కాదనరాదో అందులో లేదు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఆ కారణముతో ఇల్లు నిరాకరించరాదని 2017 చట్టము, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు నిరాకరించరాదని 2019 చట్టము స్పష్టముగా చెప్పాయి. మిగతావారి విషయములో మన దేశమునకు ఇంత స్పష్టమైన మాట ఇంకా రాలేదు. అహ్మదాబాదులోని ఒక పార్శీ గృహనిర్మాణ సంఘము తమవారికే సభ్యత్వము అని పెట్టుకున్న నిబంధన చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

2015లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో సుఖదేవ్ థోరట్ మొదలైనవారు ఢిల్లీ ప్రాంతపు అద్దె ఇళ్ళ గురించి ఒక అధ్యయనము ప్రచురించారు. కులము, మతము తెలిసే పేర్లతో మనుషులను పంపి ఇళ్ళు అడిగించారు. అగ్రకులపు పేర్లకు తలుపులు తెరుచుకున్నాయి. దళితులకు నిరాకరణలు ఎదురయ్యాయి. ముస్లిములకు అంతకన్నా ఎక్కువగా ఎదురయ్యాయి. చదువుకున్నవారైనా, ఉద్యోగము ఉన్నవారైనా అంతే.

ఇంకొక దేశపు సంగతి చూడండి. అమెరికాలో నల్లవారికి మంచి వీధులలో ఇల్లు దొరికేది కాదు. మార్టిన్ లూథర్ కింగ్ ఒక బాప్టిస్టు కాపరి. 1966 జనవరిలో ఆయన చికాగో నగరములో నల్లవారి పేటలోని ఒక పాత అద్దె వాటాలోనికి కుటుంబముతో కాపురము మారారు. ఎవరికైనా ఎక్కడైనా ఇల్లు దొరకాలని వీధులలో నడిచారు. ఆ ఆగస్టులో ఒక ఊరేగింపులో రాయి వచ్చి ఆయన తలకు తగిలింది. 1968 ఏప్రిల్ 4న ఆయన హత్య జరిగింది. వారము తిరగకముందే, ఏప్రిల్ 11న, న్యాయమైన గృహవసతి చట్టము మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేశారు. జాతి, రంగు, మతము, పుట్టిన దేశము చూసి ఇల్లు కాదనరాదని ఆ చట్టము చెప్పింది. 1974లో స్త్రీపురుష భేదమును, 1988లో అంగవైకల్యమును, పిల్లలున్నారనే కారణమును చేర్చారు. యజమాని తానే నివసించే చిన్న ఇంటికి అక్కడ కొంత మినహాయింపు ఉంది. కాని ఆ మినహాయింపు ఉన్నవాడు కూడా ‘ఫలానావారికే’ అని ప్రకటన మాత్రము చేయరాదు.

ఈ దూరదేశపు మాట ఎందుకంటే, ఈనాడు మన తెలుగు బిడ్డలు వేలాదిగా ఆ దేశములో అద్దె ఇళ్ళలో ఉంటున్నారు. అక్కడ ఇల్లు అడిగినప్పుడు యజమాని జీతము చూస్తాడు, వెనుకటి బాకీలు చూస్తాడు, పాత యజమానిని విచారిస్తాడు. నీ దేవుడెవరు, నీ రంగేమిటి అని అడగడానికి వీలు లేదు. ఒక కాపరి రక్తము చిందిన తరువాత వచ్చిన చట్టపు నీడలో మన పిల్లలు అక్కడ కాపురముంటున్నారు. అమెరికాలో మన బిడ్డకు జరగకూడదనుకున్నది విద్యానగర్‌లో మరొకరి బిడ్డకు మనము చేయవచ్చునా?

వాక్యము వైపు తిరుగుదాము. అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయము తెరవండి. పౌలు రోమాలో రెండు సంవత్సరములు తన అద్దె ఇంట్లో ఉండి, వచ్చినవారినందరినీ చేర్చుకున్నాడని అక్కడ ఉంది. మనము ఎన్నోసార్లు చదివాము. ఆ ఇంటి యజమానిని గూర్చి ఎప్పుడైనా ఆలోచించామా? ఇల్లు అడిగినవాడు ఎవరు? పరదేశి. యూదుడు. ఒంటరివాడు. చేతికి సంకెల. పక్కన కావలి సైనికుడు. కైసరు ఎదుట విచారణ జరగవలసిన ఖైదీ. మన వీధిలో అలాంటివాడు టు-లెట్ బోర్డు చూసి వస్తే ఏమంటాము? అయినా రోమాలో ఎవరో ఒకరు అతనికి ఇల్లు ఇచ్చారు. ఆ యజమాని విశ్వాసియో కాదో తెలియదు, పేరు కూడా తెలియదు. కాని అతడు తలుపు తీయబట్టి ఆ ఇంట్లో రెండేళ్ళు సువార్త వినబడింది.

యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకున్నవానికి మంచి చోటు, మాసిన బట్టలవానికి కాళ్ళదగ్గర చోటు చూపే సంఘమును గద్దించాడు. ఆ పని పాపము అన్నాడు. ఆదివారము ఆరాధనలో మనము అందరినీ ఒకే చాపమీద కూర్చోబెడుతున్నాము, నిజమే. సోమవారము మన గేటు దగ్గర ఏమి జరుగుతోంది?

“నా చెమటతో కట్టుకున్న ఇల్లు, నాకిష్టమైనవారికి ఇస్తాను” అని కొందరు అంటారు. ఆ మాటలో కొంత న్యాయము ఉంది. బ్యాంకు అప్పు మీరు కడుతున్నారు. అద్దె ఎగ్గొట్టి, ఇల్లు పాడుచేసి, ఖాళీ చేయకుండా ఏడిపించినవారిని మేమూ చూశాము. కాబట్టి విచారించకుండా ఇల్లు ఇమ్మని మేము చెప్పడం లేదు. విచారించండి. కాని మీరు అడిగే ప్రశ్న ఇంటికి సంబంధించినదై ఉండాలి. పుట్టుకకు సంబంధించినదై ఉండరాదు. ఇదొక్కటే ఈ నెల మేము చెప్పదలచినది. మిగతాదంతా దీని వివరమే.

ఇల్లు అద్దెకిచ్చే విశ్వాసులు ఈ క్రింది సంగతులు గమనించగోరుతున్నాము.

మొదటిది, బోర్డు కట్టకముందే షరతులు కాగితము మీద రాసిపెట్టండి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఎంతమంది ఉండవచ్చు, నీళ్ళు ఎప్పుడు వస్తాయి, కరెంటు బిల్లు ఎవరిది, బండి ఎక్కడ పెట్టాలి, రాత్రి గేటు ఎప్పుడు వేస్తారు. మొదట వచ్చినవారికి చూపిన కాగితమే చివర వచ్చినవారికీ చూపండి. మనిషిని చూసి అద్దె పెంచేవారు ఉన్నారు. అది దొంగ త్రాసు పట్టుకోవడమే.

రెండవది, ఏమి అడగవచ్చునో, ఏమి అడగరాదో తెలుసుకోండి. పని ఏమిటి, అద్దె ప్రతినెలా కట్టగలరా, ఎంతకాలము ఉంటారు, ఇంతకుముందు ఎక్కడ ఉన్నారు, ఆ యజమాని ఫోను నంబరు ఇస్తారా అని అడగవచ్చు. మీరేమిట్లు, అంతకు ముందు ఏమిటి, ఊళ్ళోనా పేటలోనా, ఏ గుడికి, ఏ మసీదుకు వెళతారు, భర్త ఎందుకు వదిలేశాడు అని అడగరాదు. సందేహము వస్తే ఇలా పరీక్షించుకోండి. ఈ జవాబువలన అద్దె రావడములో గాని, ఇల్లు బాగుండడములో గాని తేడా వస్తుందా? రాకపోతే ఆ ప్రశ్న మీది కాదు.

మూడవది, గుర్తింపు కార్డు అడిగితే అందరినీ అడగండి. పోలీసు స్టేషనులో అద్దెదారుల వివరములు ఇవ్వడము మంచిదే. కాని ముస్లిముల వివరములు మాత్రమే ఇచ్చి, మిగతావారివి ఇవ్వకపోవడము న్యాయము కాదు. ఆధార్ నకలులో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడేది ఇస్తామంటే తప్పు పట్టకండి.

నాలుగవది, షరతులకు సరిపోయిన మొదటి కుటుంబానికే ఇల్లు ఇవ్వండి. రేపు ఇంకా ‘మంచివాళ్ళు’ వస్తారేమోనని చూడకండి. ఆ ‘మంచివాళ్ళు’ అనే మాట వెనుకనే కులము దాక్కుంటుంది.

అయిదవది, కాదనవలసివస్తే కారణము అప్పుడే చెప్పండి. ఇవ్వనిది ఇవ్వలేదని, బోర్డు వేలాడుతుండగా “వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చారు” అనడము అబద్ధము. మన మాట అవునంటే అవును, కాదంటే కాదుగా ఉండాలని ప్రభువు కొండమీద నేర్పించాడు. సరిపోయే కారణము చెప్పలేకపోతున్నారంటే, కాదనడానికి కారణము లేదన్నమాట.

ఆరవది, ఒప్పందము రాసుకోండి. పదకొండు నెలలకు రాసుకునే అలవాటు ఉంది. అద్దె తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వండి. ఖాళీ చేసిన రోజున అడ్వాన్సు లెక్క చెప్పి తిరిగి ఇవ్వండి. సున్నాల పేరు చెప్పి పేదవాని డబ్బు ఆపకండి. అప్పు ఇచ్చినవాడు తాకట్టుకోసము బాకీదారుని ఇంట్లోకి దూరరాదని, బయటనే నిలువవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఉంది. పేదవాని గుమ్మమునకు దేవుడు ఇచ్చిన గౌరవము అది. అద్దెకిచ్చిన తరువాత మీ ఇంట్లోకైనా అడిగి వెళ్ళండి.

‘శాకాహారులకు మాత్రమే’ అనే బోర్డు సంగతి ఏమిటని అడుగుతారు. పై వాటాలో ఉన్నవారి ఆహారపు నియమము, వారి మనస్సాక్షి కొందరికి నిజముగా ముఖ్యము. వారిని తూలనాడనక్కరలేదు. కాని వేరే కులపువాడు, పుట్టు శాకాహారి, వచ్చి అడిగితే ఇస్తారా? ఇస్తే అది ఆహారపు నియమమే. ఇవ్వకపోతే అది కులమునకు వేసిన ముసుగు. మన విశ్వాసులు పెట్టే ‘క్రైస్తవులకు మాత్రమే’ అనే బోర్డుకూ ఇదే పరీక్ష. పార్శీ సంఘము తీర్పు ఉంది కదా అని మనము దాని చాటున నిలబడవద్దు. చట్టము అడ్డు చెప్పని ప్రతి పనీ ప్రేమ చేయదగిన పని కాదు.

అద్దెకు ఉండే విశ్వాసులకూ ఒక మాట. చెప్పిన తేదీకి అద్దె కట్టండి. చెప్పినంతమందే ఉండండి. ఇంటి కూడిక పెట్టుకుంటే ముందు యజమానికి చెప్పండి. పదిగంటల రాత్రి మైకు పెట్టి పాడితే మన పాట పక్కింటివారికి సువార్త కాదు. ఇల్లు దొరకక పేరు మార్చి చెప్పిన బిడ్డలు, మెడలో సిలువ తీసి దాచిన బిడ్డలు మాకు తెలుసు. అబద్ధము మంచిదని మేము అనము. కాని బరోడాలో పార్శీ పేరు పెట్టుకున్న ఆ మనిషిని తలచుకున్నప్పుడు, ఆ బిడ్డకన్నా ఆ ప్రశ్న వేసినవారికే ఎక్కువ లెక్క ఉంటుందని మాకు తోస్తుంది.

“ఇంట్లో ముసలివాళ్ళు ఉన్నారా?” అనే ప్రశ్న కూడా ఇప్పుడు వినబడుతోంది. దాని అర్థము పట్నములో ఉన్నవారికి తెలుసు. అద్దె ఇంట్లో ప్రాణము పోతే మైల అని, శవమును గుమ్మములోనికి తేనివ్వరు. ఆసుపత్రినుండి పెట్టె నేరుగా నారాయణగూడ సమాధుల తోటకు వెళ్ళిన రోజులు మా సేవలో ఉన్నాయి. తన భర్త ముప్ఫయి ఏళ్ళు అద్దె కట్టిన ఇంటి ముందు, రోడ్డు మీద, షామియానా క్రింద కూర్చుని ఏడ్చిన ఒక తల్లిని మేము మరచిపోలేము. మరణమును జయించిన ప్రభువును నమ్మినవారము మనము. కనీసము మన ఇళ్ళలోనైనా ఈ షరతు ఉండరాదు. అద్దెకు ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పండి. “మీకు ఏ కష్టము వచ్చినా ఇది మీ ఇల్లే” అని. ఆ ఒక్క మాటకు విలువ ఎంతో, అద్దె ఇంట్లో ముసలి తల్లిని పెట్టుకున్నవారిని అడగండి.

ఇక మా తప్పు కూడా మేము ఒప్పుకోవాలి. మేము సేవచేసిన ఒక సంఘములో దేవాలయము వెనుక ఒక చిన్న పోర్షను ఉంది. దాని అద్దె సంఘపు ఖర్చులకు వస్తుంది. ఒక ముస్లిము మెకానిక్కు భార్యాపిల్లలతో వచ్చి అడిగాడు. అద్దె ఇస్తానన్నాడు, అడ్వాన్సు తెచ్చాడు. కమిటీ కూర్చుంది. “ఎందుకొచ్చిన గొడవ” అన్నారు ఒకరు. అందరూ తల ఊపారు. ఆ కమిటీలో మేమూ కూర్చున్నాము. మేము నోరు తెరవలేదు. మరునాడు అతనితో “వేరేవాళ్ళకు మాట ఇచ్చాము” అని చెప్పినది కూడా మేమే. అతడు సలాము చేసి వెళ్ళిపోయాడు. విద్యానగర్‌లో ఆ గుమ్మము ముందు మేము నిలబడినప్పుడు మా మనసులో మెదిలినది ఆ మెకానిక్కు ముఖమే. మేము విత్తినదే మేము కోస్తున్నాము అనిపించింది. తరువాత అతని కోసము విచారించాము. కాని ఎక్కడికి మారాడో ఎవరికీ తెలియలేదు. క్షమాపణ చెప్పే అవకాశము కొన్నిసార్లు మనకోసము ఆగి ఉండదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. రెండవ రోజు పొద్దు గూకే వేళ నారాయణగూడ సందులో ఒక రిటైర్డు టీచరమ్మ ఇంటికి వెళ్ళాము. ఆమె మన మతస్థురాలు కాదు. గదిలో దీపము వెలుగుతోంది. పాత క్యాలెండరు కాగితము వెనుక ఆమె స్వహస్తముతో రాసిన షరతులు తెచ్చి చేతికిచ్చారు. అద్దె, అడ్వాన్సు, నీళ్ళు, గేటు వేసే వేళ. అంతే. “ఇవి ఒప్పుకుంటే తాళం చెవి తీసుకోండి. పొద్దుటినుంచి మీకన్నా ముందు ఎవరూ రాలేదు” అన్నారు. ఆ తండ్రి ఆగలేకపోయారు. “అమ్మా, మేము ఎవరమో అడగలేదు మీరు” అన్నారు. ఆమె అమ్మాయి వైపు చూసి, “చదువుకునే పిల్ల కదా. ఇంకేం అడగాలి?” అన్నారు.

దొంగలచేత చిక్కి దారి ప్రక్కన పడి ఉన్నవానికి పొరుగువాడు ఎవరని ప్రభువు అడిగిన ప్రశ్నకు ఆ సాయంత్రము మాకు జవాబు దొరికింది. ముందు ఇద్దరు దాటిపోయారు. వారిలో ఒకరు మనవారు.

మన ఇంటి గేటుకు ఈసారి బోర్డు కట్టేటప్పుడు, దాని వెనుక ఏ ప్రశ్న దాచామో ఒకసారి చూసుకుందాము. కుటుంబ ప్రార్థనలో భార్యాభర్తలు కలిసి ఈ సంగతి మాట్లాడుకోండి. “ఇంటావిడను అడిగి చెబుతాను” అనే మాట ఇక మన నోట రాకుండా, ఇంటావిడతో ముందే మాట్లాడి ఉంచండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, పుట్టినప్పుడు నీ కుమారునికి సత్రములో చోటు దొరకలేదు. మా ఇళ్ళు నీవిచ్చినవి. మా తలుపు తట్టినవారిలో నిన్ను గుర్తుపట్టే కన్నులు మాకు దయచేయుము. మేము తిప్పి పంపినవారి విషయమై మమ్మును క్షమించుము. ఈ రాత్రి పట్నములో ఇల్లు వెతుక్కుంటున్న ప్రతి బిడ్డకూ ఒక తలుపు తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.